స్నానపుగదికి వెలుతురు

మన గృహస్థులు ఇంటికొఱకు ధనము వెచ్చించు క్రమమును పరిశీలించినచో వింతగా తోచును. మొదట వీథివాకిలి, పిమ్మట నలుగురు వచ్చి కూర్చుండు చావడి, ఆ తరువాత పూజగది, దానివెనుక వంటయిల్లు. వీనికన్నింటికిని రంగును దీపమును అలంకారమును అమరిన మీదట ఏమైన మిగిలినచో అది స్నానపుగదికి చేరవలెను. అది యెన్నడును మిగులదు. అతిథి అడుగిడని గదికి సొగసేల యని మనవారి వాదము. సరియే. కాని యింటిలోని ప్రతి మనుష్యుడును దినమునకు ఒక్కసారియైనను తడికాళ్ళతో, మేన వస్త్రము లేక, తోడు లేక నిలువబడు తావు అదియొక్కటే. కాలు జారినప్పుడు పట్టుకొనుటకు ఎవ్వరును దగ్గఱ నుండని తావును అదియే. అట్టి గదికి ఇంటిలోనెల్ల తక్కువ వెలుతురును, ఇంటిలోనెల్ల నాసిగోడలును ఇచ్చి, పొదుపు చేసితిమని సంతసించుచున్నాము.

ఈ సంగతి నాకు పుస్తకములవలన తెలిసినది కాదు. మా యింటి స్నానపుగదిని బాగుచేయింప తలపెట్టి, గోడలకు ఏ తాపడము వేయవలెను, కప్పున దీపములు ఎక్కడ అమర్పవలెను అని రెండు మాసములుగా ఇంటిల్లిపాదియు తర్కించుచుండగా ఒక్కొక్కటిగా తెలిసివచ్చినది. ఇట్టి విషయము సాహిత్యపత్రికకు తగునా యని కొందఱు చదువరులు శంకింపవచ్చును. వంటయింటి పొగను గూర్చి మన పెద్దలు వ్రాసిరి. పురుటిగది చీకటిని గూర్చి వ్రాసిరి. స్నానపుగది మాత్రమేల వెలియైనదో నాకు తెలియదు.

మా యిల్లు కడపజిల్లాలో జమ్మలమడుగునకు సమీపముననున్న ఒక పల్లెలో నున్నది. రాయలసీమ పల్లెలలో ఇంకను కొన్ని మిగిలియున్న మట్టిమిద్దెలలో నొకటి. రెండడుగులకు మించిన మందముగల రాతిగోడలు. రాళ్ళనడుమ సిమెంటు లేదు, బంకమన్నే. పైన దూలములు, వానిమీద దంతెలు, దంతెలమీద బండలు, బండలమీద మన్ను, అన్నింటికిని మీద చౌడు. చౌటిమన్నుతో కప్పు వేయుట యేమని కోస్తా చుట్టములు నవ్వుదురు. అందులో ఒక శాస్త్రమున్నది. చౌటినేలలో సోడియము పాలెక్కువ. అది తడిసినంతనే దానిలోని సన్నని బంకరేణువులు విడివడి, ఉబ్బి, రంధ్రములను మూసివేయును. నీరు క్రిందికి దిగక జారిపోవును. పంటకు పనికిరాని నేల యింటికి గొడుగైనది. ఏటికి ఆఱేడు వందల మిల్లీమీటర్ల వాన కురియు సీమలో ఆ గొడుగు చాలును.

స్నానపుగది యీ యింటితో పుట్టినది కాదు. మా అత్తగారు కాపురమునకు వచ్చిననాడు ఆడువారికి పెరటిమూల రెండు బండలును చుట్టును తడికయును మాత్రమే యుండెనట. కోడికూయక మునుపే లేచి, చీకటిలో పోసికొని, చీకటిలోనే చీర చుట్టుకొని వచ్చెడివారట. 1978లో మా మామగారు ధాన్యపుగదిలో ఒక మూలను అడ్డుగోడతో వేఱుచేసి స్నానమునకు ఏర్పఱచిరి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిదడుగుల యెత్తు. రెండువైపుల పొరుగువారి గోడలు గనుక కిటికీకి చోటు లేదు. ధాన్యమునకు వెలుతురెందుకని ఆ గదికి ఆదినుండియు గవాక్షి పెట్టలేదు. తలుపుమీద ఒక బల్బున్నది. దాని వెలుగును స్నానము చేయువారి వీపే మ్రింగివేయును. ముందున్న చెంబును, సబ్బును, నేలమీది పాకుడును వారి నీడలోనే యుండును. 2014లో స్వచ్ఛభారత్ ప్రారంభమైన తరువాత మా వీథిలో పలువురు 12,000 రూపాయల సాయముతో మరుగుదొడ్లు కట్టుకొనిరి. అది మేలే జరిగినది. కాని స్నానపుగది ఆ లెక్కలోనిది కాదు గనుక చాల యిండ్లలో అది నేటికిని మా మామగారు విడిచినచోటనే యున్నది.

మేము దీనికి నిర్ణయించుకొన్న సొమ్ము 60,000 రూపాయలు. హైదరాబాదున ఉద్యోగము చేయు మా మరిది సంక్రాంతికి వచ్చినప్పుడు తన ఫోనులో బొమ్మలు చూపెను. "వదినా, ఇప్పుడు రాళ్ళు ఎవరు వేస్తున్నారు? ఈ పీవీసీ పలకలు చూడండి. రెండు రోజుల్లో గోడంతా మూసేస్తారు. పైన ఫాల్స్ సీలింగు, అందులో ఆరు లైట్లు. హోటల్లా ఉంటుంది" అనెను. అతని మాటను నేను తేలికగా త్రోసివేయలేదు. ఆ పలకలు తేలికైనవి, తెల్లనివి, నీటికి నానవు, వెల తక్కువ, తుడిచిన మురికి పోవును. పట్టణపు ఇటుకగోడకు, అద్దెయింటివారికి అవి మేలైనవని నేడును నా యభిప్రాయము.

మా మేస్త్రీ వచ్చి గోడమీద బొటనవ్రేలు పెట్టి నొక్కెను. గుప్పెడు మన్ను రాలినది. "ఈ గోడకు మేకు నిలబడదమ్మా. రాతికి తగిలితే వంకరపోతాది, మంటికి తగిలితే ఊడొస్తాది" అని చేతులు దులుపుకొనెను. పలకలను నిలుపుటకు చట్రము కావలెను. చట్రమునకు మేకులు కావలెను. మేకులకు గట్టిగోడ కావలెను. అదియునుగాక చట్రమునకును గోడకును నడుమ అంగుళమెడము మిగులును. ఆ యెడములో చెమ్మయుండును, బొద్దింకలుండును. మా సీమలో గోడసందు అనగా తేలు అని యర్థము. పిల్లలు కన్నులకు సబ్బునురుగుతో చేతులు చాచి తడుముకొను గదిలో తేళ్ళకు ప్లాస్టికు మేడ కట్టించుట నాకు సమ్మతము కాలేదు.

అంతకంటె పెద్ద చిక్కు ఉప్పు. చదువరులలో రాయలసీమవారికి ఇది చెప్పనక్కఱలేదు. క్రిందినుండి గోడ తెల్లగా పూసి, సున్నము పెచ్చులుగా లేచి, పిండివలె రాలుట వారి యిండ్లలోనే చూచియుందురు. దీపపువత్తి నూనెను పీల్చినట్లు గోడ నేలలోని తడిని పైకి పీల్చును. ఆ తడి గోడపైకి వచ్చి ఆఱిపోవును. దానితో వచ్చిన ఉప్పు ఆఱదు. అది పూతలో చిక్కి స్ఫటికముగా పెరిగి, తన చుట్టునున్న సున్నమును పగులగొట్టును. ఇందుకు మనవారు చేయు ప్రతిక్రియ సిమెంటు పూయుట. మా పొరుగింట నాలుగడుగుల యెత్తువఱకు పూసిరి. దారి మూసినంతమాత్రమున తడి వెనుకకు పోదు, పైకెక్కును. రెండేండ్లలో వారి ఉప్పుచాఱ నాలుగడుగులు దాటి ఐదడుగులకు చేరినది. గోడను సంపూర్ణముగా మూసివేయు ఏ తాపడమైనను, అది ప్లాస్టికు కానిండు, సిమెంటుమీద అతికిన గాజుపలకలు కానిండు, మట్టిగోడకు ఇదే సేయును. కనుక నీరు పడుచోట మాత్రమే తాపడముండవలెను. తక్కిన గోడ సున్నపుపూతతో ఊపిరి పీల్చుకొనవలెను. ఈ యొక్క సూత్రము దొరకిన తరువాత సగము తగవులు తీఱినవి.

ఇక ఆ తాపడము దేనితో? మా యూరినుండి ఎటు పోయినను నాపరాయి గనులే. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములలో నేలను రెండు మూడు నిలువులు త్రవ్వినచో నల్లని సున్నపురాయి పుస్తకములోని పుటలవలె పొరలు పొరలుగా నుండును. ఉలి మొన పెట్టి సమ్మెటతో తట్టినచో పొర పొరగా విడివడును, ఱంపముతో పనిలేదు. ఎన్నికోట్ల యేండ్ల క్రిందటనో ఇచ్చట నిలిచిన సముద్రముక్రింద పేరుకొన్న బురదయే యిట్లు రాయియైనది. 1872లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతపు శిలలను గూర్చి గ్రంథము వ్రాసి వానికి కడప, కర్నూలు పేళ్ళనే పెట్టెను. నేటికిని ఆ శాస్త్రమున అవే పేళ్ళు. బొంబాయి, పూనా నగరముల గృహిణులు తమ వంటగట్టు బండను "కడప్పా" అందురు. అది యొక ఊరిపేరని వారిలో పలువురకు తెలియదు. తిరుమలకు గడప గనుక కడప యయ్యెనని పెద్దలు చెప్పుదురు. ఇంత పేరుగన్న రాయిని మేము పశువులకొట్టమునకును, చేనిగట్టుకును, శ్మశానపుదారికిని వాడి, ఇంటిలోనికి మాత్రము గుజరాతునుండి పలకలు తెప్పించుకొనుచున్నాము!

నా పుట్టినిల్లు బనగానపల్లె ప్రాంతము. ఆవైపున, అనగా 2022లో కర్నూలునుండి విడివడిన నంద్యాలజిల్లాలో, బేతంచెర్ల నాపరాళ్ళు దొరకును. అవి నలుపు కావు. పసుపు, బూడిద, లేతయాకుపచ్చ ఛాయలు గలవి. నునుపు పట్టించినచో నీడ కనబడునట్లు మెఱయును. నేలకు నల్లబండ, గోడకు బేతంచెర్ల లేతబండ యని నేనన్నప్పుడు మా అత్తగారు "పుట్టింటి రాయి పైన, అత్తింటి రాయి కాళ్ళకింద! బాగనే ఉంది మే నీ లెక్క" అని నవ్విరి.

రాయి అనిన వెంటనే నిర్దోషమని చదువరులు తలపవద్దు. ఇది సున్నపురాయి. సున్నపురాయికి ఆమ్లము శత్రువు. కొలిమిగుండ్ల దగ్గఱ బెలుం గుహలను చూచినవారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు. మూడు కిలోమీటర్లకు పైబడిన ఆ సొరంగములను తొలిచినది ఉలి కాదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పులిసిన వాననీరే. వాననీటికే కరగు రాయి మన బజారు ఆమ్లమునకు ఎట్లు నిలుచును? మా బోరునీరు కఠినమైనది. ఆఱినచోటనెల్ల తెల్లని మరక వేయును. ఆ మరకను పోగొట్టుటకు ఇంటింట ఆమ్లపుసీసా కొనుచున్నారు. విచిత్రమేమనగా ఆ మరకయు, ఆ బండయు ఒకే పదార్థము, కాల్షియము కార్బొనేటు. మరకను తిను ఆమ్లము బండను విడువదు. బండ నునుపు పోయి వెలవెలబోవును. పిమ్మట మరక మఱింత గట్టిగా పట్టును. దీనికి ఉపాయమొక్కటే: స్నానము ముగిసిన వెంటనే గోడమీది నీటిని రబ్బరుపలకతో క్రిందికి దిగలాగి, నెలకొకసారి మామూలు సబ్బునీటితో తుడుచుట.

ఈ తుడుచువారెవరు? ఇంటియజమాని గోడను ఎన్నుకొనును. ఇల్లాలు దానిని తోమును. పట్టణపు పలకలకు పలకకు పలకకు నడుమ తెల్లని గీత యుండును. ఐదేడడుగుల గదిలో ఆ గీతలన్నియు కలిపి ఎన్ని గజములగునో తోమినవారికి తెలియును. రెండడుగుల వెడల్పు బండలు నిలిపినచో అతుకులు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. నేను బండవైపు మొగ్గుటకు ఇది ముఖ్యకారణము. స్నానము చేసినవారే గోడనీరు దిగలాగి రావలెను, మగవారైనను పిల్లలైనను, అని యొక నియమమును ముందుగానే పెట్టితిని. మా మరిది దీనికి ఏమియు అనలేదు, ఒప్పుకొన్నట్లే వ్రాసికొంటిని.

గోడ నిర్ణయమైనదని తలంచి దీపముల మాటకు వచ్చునప్పటికి గోడ మరల ఎదురు నిలిచినది. గనినుండి తెచ్చిన నాలుగు నల్లబండలను ఒక సాయంకాలము ఆ గదిలో గోడలకు చేరవేసి, మామూలు తొమ్మిదివాట్ల ఎల్.ఇ.డి. బల్బు వెలిగించి, సూదిలో దారమెక్కింప ప్రయత్నించితిని. ఐదుసార్లకును ఎక్కలేదు. బల్బు మార్చలేదు, చోటు మార్చలేదు; ఆ బండలమీద తెల్లని పంచెలు మాత్రము కప్పితిని. రెండవసారికే ఎక్కినది. నల్లనిరాయి తనమీద పడిన వెలుగులో పదవవంతైనను తిరిగి యిచ్చునో లేదో. తెల్లసున్నపుగోడ ఇంచుమించు నాలుగింట మూడువంతులు తిరిగి యిచ్చును. కప్పునుండి ఆఱు దీపములు వ్రేలాడదీసినను నల్లగోడలగది చీకటిగది యగును. కాబట్టి గోడ వేఱు, దీపము వేఱు అను లెక్క తప్పు. మేస్త్రీని ఒకనాడు, దీపములవానిని మఱియొకనాడు పిలుచు మన యలవాటువలననే ఇన్ని గదులు ఇట్లు చెడుచున్నవి. ఆ సాయంకాలమే నల్లబండ మూడడుగుల యెత్తునకు పరిమితమైనది. దానిమీద నీరుపడు మూలను ఆఱడుగులవఱకు బేతంచెర్ల లేతబండ. ఆపైని, తక్కిన గోడలయందును, కప్పుక్రిందను తెల్లసున్నము.

ఇప్పుడు గవాక్షి. గో అక్షము, ఆవుకన్ను, అను సంస్కృతపదము మా పల్లెమాటలో గవాక్షియై మిద్దెకప్పులోని వెలుతురుకంతకు పేరైనది. మా వంటయింటనున్నది, నడుమయింటనున్నది. మధ్యాహ్నమున దానినుండి దిగు వెలుతురులో బియ్యములోని ఱాయి యేరుకొనవచ్చును. వాన వచ్చినప్పుడు పైకెక్కి బండ మూయుదురు. స్నానపుగదికి దీపములకు ముందు గవాక్షి పెట్టవలెనని నేనన్నప్పుడు మా అత్తగారు మొట్టమొదటిసారి గట్టిగా అడ్డుపడిరి. "మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకొని ఉండాయి. పిల్లకాయలు గాలిపటాలని పైనే తిరగతాంటారు. ఆడోళ్ళు నీళ్ళు పోసుకునే చోట నెత్తిమీద బొక్క పెడతావా?" అనిరి. ఇది మూఢనమ్మకము కాదు, న్యాయమైన యాక్షేపణ. వెలుతురు పేరిట ఆడుదాని మానమును బజారున పెట్టు సంస్కరణము సంస్కరణము కాదు.

పదిదినములు కాగితముమీద గీసి గీసి ఒక మార్గము కనుగొంటిమి. రెండు దంతెలనడుమ, దూలము తాకకుండ, అడుగున్నర చదరపు కంత. దానిచుట్టును మిద్దెపైన అడుగున్నర యెత్తు రాతికట్ట. పైన బండ మూత, అది ఎప్పటికిని తీయునది కాదు. ఉత్తరపువైపు మాత్రము గాజు. అదియును లోపలిది కనబడని గరుకుగాజు. తూర్పుపడమరల రెండు సన్నని గాలికంతలు, వానికి తేలుగాని బల్లిగాని దూఱనంత సన్నని తీగెజల్లెడ. వేడినీటి ఆవిరి వానినుండి పోవును. ఉత్తరమేలనగా ఎండ నేరుగా పడకుండుటకు. వేసవిలో 40 డిగ్రీలు దాటు సీమలో నెత్తిమీద గాజుపెట్టిన గది కుంపటి యగును. ఇందులోను ఒక మెలిక కలదు. మేము ఇంచుమించు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నాము. మే మొదటినుండి ఆగష్టు రెండవవారమువఱకు మధ్యాహ్నసూర్యుడు మా నడినెత్తికి ఉత్తరముగానే యుండును. అందుచేత పై బండమూతను ఉత్తరముగా జానెడు ముందుకు చూరువలె జరిపించితిమి. కట్టకును చౌటిమన్నుకును కలియుచోట నీరు దిగకుండుటకు కరక్కాయనీరు, బెల్లపునీరు పోసి నూఱిన సున్నపుగచ్చు వేయుదునని మేస్త్రీ చెప్పెను. అతని తాత చేసిన పనియట.

ఫాల్స్ సీలింగు మాట ఇక్కడనే పోయినది. మట్టిమిద్దె ఎప్పుడో ఒకప్పుడు కాఱును. ఎక్కడ కాఱుచున్నదో కనబడిననే బాగుచేయవచ్చును. దానిక్రింద తెల్లని అట్ట కట్టి దాచినచో దంతె పుచ్చి విఱిగినదాక తెలియదు. పైనుండి రాలు మన్నును, ఎలుకలును దానిపై చేరుట వేఱు.

గవాక్షి రూపము చూపిన తరువాత మా అత్తగారు శాంతించిరి గాని, రాత్రిదీపముల మాట వచ్చునప్పటికి మరల "ఎవురు చూడాలని ఇంత వెలుతురు? చెంబు కనపడితే చాలదా?" అనిరి. వారికి 76 ఏండ్లు. ఒక కంటికి శుక్లము. నేను కన్నుల శాస్త్రము చెప్పితిని. వయసు మీఱినకొలది కంటిపాప చిన్నదగును, కటకము పసుపెక్కును. ఇరువదియేండ్లనాడు కంటిలోపలికి చేరిన వెలుతురులో అఱువదియేండ్లకు ఇంచుమించు మూడవవంతే చేరును. మీకు మాకంటె ఎక్కువ దీపము కావలెను అంటిని. వారు వినుచు కొంతసేపు ఊరకుండి, "మేము ఎప్పుడు చూసుకున్నాం మే, మా ఒళ్ళు? చీకట్లో పోసుకుంటిమి, చీకట్లో కట్టుకుంటిమి. నా చెల్లెలు గుడక అంతే గదా" అనిరి.

ఆ చెల్లెలు, మా చిన్నత్త, చిన్నతనముననే భర్తను కోల్పోయి మా యింటనే యుండెను. పనిలో ఆమెతో సమానుఱాలు మా యింట లేదు. 2011లో ఆమె 52వ యేట రొమ్ముపుండుతో పోయెను. గడ్డ ఎప్పుడు పుట్టినదో ఆమెకే తెలియదు. పుండై, రవికె తడిసిన తరువాత గాని ఆమె అక్కతో చెప్పలేదు. కర్నూలున ఒక వైద్యురాలు "ఇన్నాళ్ళు చూసుకోలేదా అమ్మా?" అని మెల్లగా అడిగినప్పుడు ఆమె తల వంచుకొనెను, మా అత్తగారు "ఎక్కడ చూసుకుంటాదమ్మా" అనిరి. నాడు ఆ మాట నాకు సిగ్గునుగూర్చి చెప్పినట్లే తోచినది. ఇప్పుడు ఈ గది కొలతలు చేతబట్టుకొని నిలిచియుండగా అది యక్షరాల నిజమని తెలిసినది. ఆమె తలుపు మూసికొని వస్త్రము విడుచు తావు ఇంటిలో ఇదియొక్కటే. ఇందులో ఆమె వీపువెనుకనే దీపము, ఆమె ముందెల్లప్పుడును ఆమె నీడ. అద్దము లేదు. వెలుతురుండినచో ఆమె బ్రతికెడిదని నేను చెప్పజాలను. రొమ్మున గడ్డగాని, చర్మము ముడుతపడుటగాని, మొన లోపలికి పోవుటగాని కనబడినంతనే వైద్యులకు చూపవలెనని నేడు ప్రతి ఆరోగ్యకార్యకర్తయు చెప్పుచున్నది. కనబడవలెననినచో కనబడుచోటుండవలెను గదా.

కనుక దీపముల లెక్క మారినది. ఆఱు వద్దు, మూడు చాలునని తీర్మానించితిమి. మొదటిది కప్పున, నీరుపోసికొను పీటకు నేరుగా మీదకాక, జానెడు ముందుకు. అప్పుడు నీడ వెనుకకు పడును. కడమ రెండును అద్దమునకు ఇరుప్రక్కల, మొగమెత్తున. పైనుండి మాత్రమే దీపమున్నచో కనుబొమలక్రింద, రొమ్ముక్రింద నీడలు నిలుచును. ప్రక్కలనుండి వచ్చు వెలుతురు వానిని తుడిచివేయును. కప్పుది తొమ్మిదివాట్లు, ప్రక్కవి ఐదేసి. మూడింటికిని పాలగాజు మూతలు. శుక్లమున్న కంటికి ఒట్టి బల్బు సూదివలె గ్రుచ్చుకొనును, చూపును మఱింత కమ్మివేయును. వెలుగు రంగు నీలిగానుండరాదు, చర్మము శవమువలె కనబడును; మఱి పచ్చగాను ఉండరాదు. 4000 కెల్విన్లని పెట్టెమీద వ్రాసినవానిని ఎన్నుకొంటిని. మా మరిది దీనికి సంతోషించి, నీటిధార తగిలినను లోనికి పోనివ్వని ఐ.పి. 65 గుర్తుగల మూతలను తానే వెదకి పంపెను. అతడు చేసిన మంచిపనిని చెప్పకపోవుట న్యాయము కాదు.

విద్యుత్తు మాట ముగింపకపూర్వము ఒక్కటి గట్టిగా చెప్పవలెను. స్విచ్చులు గది వెలుపల, తలుపుప్రక్క ఉండవలెను. ఇంటి మెయిను దగ్గఱ 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టింపవలెను, తడిమనిషి దేహముగుండ అంతమాత్రము విద్యుత్తు నేలకు జారినను అది కన్నుమూసి తెఱచునంతలో ప్రవాహమును ఖండించును. ఫ్యూజు ఆ పని చేయదు. అది తీగెలను కాపాడును గాని మనుష్యులను కాదు. బకెటులో కడ్డీ వేసి నీరు కాచుకొను ఇండ్లవారు ఇతరమేదియు చేయకపోయినను ఈ యొక్కటి చేయింపుడు. తాపడమునకు తగ్గించుకొనియైనను చేయింపుడు.

పీటప్రక్క గోడకు చేతిపట్టుకు ఒక ఉక్కుకడ్డీ. మన్నుగోడలో అది నిలువదు గనుక బండలు నిలుపక ముందే గోడలోని రెండు రాళ్ళు ఊడదీసి, ఆ గూళ్ళలో సిమెంటుతో కొయ్యలు పాతవలెను. నేలబండకు నునుపు పట్టింపరాదు. గనినుండి వచ్చిన గరుకుతోనే పఱవవలెను, జలదారివైపు వాలుండవలెను. గోడబండలను వెనుక సున్నపుగచ్చు నింపి, పైకొసను ఉక్కుకొక్కెములతో పట్టించి, బండకును పైపూతకును నడుమ వ్రేలెడు సందు విడువవలెను. గోడ తడి ఆ దారిని పోవును. తలుపుకు లోపల గడియ. ఇన్నాళ్ళు దానికి గొళ్ళెము వెలుపలనే యుండెనని వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది గాని, ఎన్ని యిండ్లలో ఇంకను అట్లే యున్నదో చదువరులే చూచుకొందురుగాక.

అద్దమునుగూర్చి చిన్న వివాదము మిగిలియుండెను. మేస్త్రీ మగవారి క్షౌరమునకు తగిన యెత్తున గుర్తు పెట్టి పోయెను. మా అత్తగారు మఱునాడు ఆ గుర్తుముందు నిలుచుండి చూచిరి. నొసలు మాత్రమే అందినది. బొగ్గుముక్కతో జానెడు క్రిందుగా మఱియొక గీత గీసిరి. ఎవ్వరితోను ఏమియు అనలేదు. అద్దము ఆ రెండుగీతలకును సరిపడునంత పొడుగుది కొంటిమి; దానికి 1,400 రూపాయలైనది, లెక్కకు మించి 500.

పాతపూత గీకివేసినాము. గోడ పొడిగా ఆఱుటకు నెలదినములైనను విడువవలెనని మేస్త్రీ పట్టుదల; తడిగోడమీద బండ నిలిపినచో ఉప్పు లోపలనే చిక్కుననును. అందుచేత ఫాల్గునమంతయు స్నానములు పెరటిలోనే, పాత రెండుబండలమీద, కొత్తగా కట్టిన తడికచాటున. నల్లబండలు కోయించి తెచ్చితిమి, నీళ్ళు చల్లుచు కోసినందున దుమ్ము లేవలేదు. బేతంచెర్ల బండలు వచ్చు సోమవారము లారీలో బయలుదేఱునని కబురు వచ్చినది.